దార్లో ఉన్నానన్నాడు: ఈజ్ పెట్టాలా, వాజ్ పెట్టాలా?

'హి సెడ్ హి ఈజ్ కమింగ్' అనడం తప్పా? కాదండీ. ఈ మాట అన్నప్పుడల్లా ఎవరో ఒకరు పదో తరగతి గ్రామర్ పుస్తకం తీసి, 'సెడ్' పాస్ట్ కాబట్టి 'ఈజ్' కాస్తా 'వాజ్' అయి తీరాల్సిందే అని నా మీదకి వస్తారు. మనకి ఎక్కాల్లాగా బట్టీ పట్టించారు మరి, ఈజ్‌కి వాజ్, విల్‌కి వుడ్, డిడ్‌కి హ్యాడ్ డన్. ఎందుకు మారాలో మాత్రం చెప్పలేదు.

మావాడొకడున్నాడు. ఆరింటికి అమీర్‌పేట మెట్రో దగ్గర కలుద్దామంటే ఆరుంబావుకి ఫోన్ ఎత్తి 'దార్లో ఉన్నా' అంటాడు. నేను పక్కవాళ్ళకి ఏం చెప్తాను? 'దార్లో ఉన్నానన్నాడు' అని. చూశారా, ఆ 'ఉన్నాను' వాడి నోట్లోంచి వచ్చిందే, నేను ముట్టుకోలేదు. పదేళ్ళ తర్వాత తలుచుకుని నవ్వుకున్నా 'దార్లో ఉన్నానన్నాడు' అనే అంటాం. మన 'అని' ఎవరి మాటనైనా కాలంతో సహా మూటకట్టి ఇచ్చేస్తుంది. పరోక్ష కథనంలో కూడా 'నేను' పోయి 'తాను' వస్తుంది గానీ క్రియ కదలదు, 'తాను దార్లో ఉన్నానని చెప్పాడు'.

ఇంగ్లీషులో మూట విప్పాలి. ఎవరి మాటైనా సరే, చెప్పేవాడు తన గడియారం చూసుకుని చెప్తాడు. ఏడాది తర్వాత నేను ఈ కథ చెప్తుంటే మావాడి ప్రయాణం ఎప్పుడో ముగిసిపోయింది, అందుకని 'హి సెడ్ హి వాజ్ ఆన్ ద వే'. అదే ఫోన్ పెట్టేసిన మరు నిమిషం అయితే? వాడింకా దార్లోనే ఉన్నాడు కదా, 'ఈజ్' శుభ్రంగా సరిపోతుంది. 'వాజ్' అన్నా తప్పు లేదు.

అసలు మజా ఇక్కడుంది. ఫోన్లో వెనకాల బకెట్లోకి నీళ్ళు పడుతున్న చప్పుడు వినిపించిందనుకోండి. ఇప్పుడు నేను చచ్చినా 'ఈజ్' అనను. అంటే వాడి అబద్ధం కింద నేను కూడా సంతకం పెట్టినట్టే. 'వాజ్' అంటే, వాడలా అన్నాడు, మిగతాది నాకు తెలీదు అని పక్కకి తప్పుకోవచ్చు. మనం 'దార్లో ఉన్నాడట' అంటాం చూడండి, ఆ 'ట' చేసే పనే దాదాపుగా.

స్కూల్లో మినహాయింపు అనగానే భూమి సూర్యుడి చుట్టూ తిరగడం ఒక్కటే చెప్తారు, లోకంలో ఇంకా నిజంగా మిగిలిన సంగతి అదొక్కటే అన్నట్టు! మావాడి బ్లడ్ గ్రూపు మారిందా? వాళ్ళ ఊరు మారిందా? వాటికీ 'ఈజ్' ఉంచేయొచ్చు.

అయ్యో, టైమ్ అయిపోతోంది, గబగబా చెప్పేస్తా. 'సెడ్' బదులు 'సేస్' ఉంటే క్రియ కాలం మార్చే పనే లేదు. 'రేపు వస్తా' అన్నాడు, ఆ రేపు ఇంకా రాలేదు, అప్పుడు 'విల్' ఉంచొచ్చు. 'ఐదింటికే బయల్దేరా' అంటే 'హి సెడ్ హి లెఫ్ట్ ఎట్ ఫైవ్' చాలు, ఏది ముందో ఏది వెనకో తికమక వచ్చే చోట 'హ్యాడ్ లెఫ్ట్' వాడండి. కుడ్, వుడ్, షుడ్, మైట్ మామూలుగా అలాగే ఉంటాయి. పరీక్షలో మాత్రం ఆ ఎక్కాల ప్రకారమే రాసేయండి, పేపర్ దిద్దేవాళ్ళతో మనకెందుకు.

మావాడా? ఏడున్నరకి వచ్చాడు, తల ఇంకా తడారలేదు.