పెద్ద ట్యాబ్లెట్ కొనే ముందు కలం పట్టి చూడండి

[దృశ్యం: తిరుపతి, శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం ఆవరణ. చెట్టు నీడలో బల్ల, దాని మీద మూడు పెద్ద ట్యాబ్లెట్లు, పక్కన వాటి కలాలు.]

నమస్కారం. పెద్ద ట్యాబ్లెట్ కొంటే ఇక ల్యాప్‌టాప్ అక్కర్లేదా? ఇంజినీరింగ్, మెడిసిన్ చదివే పిల్లలున్న ఇళ్లలో ఇప్పుడు ఈ ప్రశ్న తరచుగా వినిపిస్తోంది. ఖర్చు చిన్నది కాదు కాబట్టి నిదానంగా మాట్లాడుకుందాం. చాలామంది తెర ఎంత పెద్దది, ప్రాసెసర్ ఎంత వేగం అని మొదలుపెడతారు. మీ పనిలో కలం దేనికి అవసరమో తేల్చుకుని మొదలుపెట్టమని నా సలహా. పాఠం రాసుకోవడానికా, బొమ్మలు వేయడానికా, పీడీఎఫ్ పుస్తకంలో గీతలు గీసుకోవడానికా? అది తేలితే ఏ ఆపరేటింగ్ సిస్టమ్ కావాలో చాలావరకు తేలిపోతుంది.

[తెరపై: ఏ4 కాగితం మీద రెండు తెరల రూపురేఖలు.]

ముందు కొలతలు. పెట్టె మీద వేసే అంగుళాలు మూల నుంచి మూలకు కొలిచినవి. 13 అంగుళాల ఐప్యాడ్ ప్రో తెర నిష్పత్తి 4:3. అంటే పొడవు సుమారు 26 సెంటీమీటర్లు, వెడల్పు దాదాపు 20. సామ్‌సంగ్ గెలాక్సీ ట్యాబ్ ఎస్10 అల్ట్రా తెర 14.6 అంగుళాలు, నిష్పత్తి 16:10. పొడవు 31 సెంటీమీటర్లు దాటుతుంది, వెడల్పు మాత్రం ఇక్కడా 20కి కాస్త లోపే. నిలువుగా పట్టుకుని ఒక పేజీ చదివేటప్పుడు రెండింటిలోనూ అక్షరం పరిమాణం దాదాపు ఒకటేనన్నమాట. పెద్ద తెర లాభం అడ్డంగా తిప్పినప్పుడు తెలుస్తుంది. ఎడమవైపు పాఠ్యపుస్తకం, కుడివైపు నోట్సు పెట్టుకుంటే సామ్‌సంగ్‌లో ఒక్కో సగానికి పదిహేనున్నర సెంటీమీటర్ల వెడల్పు దక్కుతుంది. ఐప్యాడ్‌లో పదమూడు. పుస్తకం చూస్తూ రాసుకునేవారికి ఆ రెండున్నర సెంటీమీటర్ల తేడా చాలా పెద్దది.

బరువు సంగతి కూడా చూడాలి. ఎం4 చిప్‌తో 2024లో వచ్చిన 13 అంగుళాల ఐప్యాడ్ ప్రో 579 గ్రాములు. ఎస్10 అల్ట్రా 718. అదే ఏడాది వచ్చిన మైక్రోసాఫ్ట్ సర్ఫేస్ ప్రో 895. కీబోర్డు తగిలిస్తే మూడూ కిలో దాటుతాయి. చిత్తూరు నుంచి రోజూ బస్సులో తిరుపతి వచ్చి చదువుకునేవారు ఈ లెక్క తప్పక వేసుకోవాలి.

[దృశ్యం: శ్రీకాళహస్తి. కలంకారీ కళాకారుడి చేయి దగ్గరగా. చింతపుల్ల బొగ్గుతో బట్ట మీద గీస్తున్న గీత, తర్వాత వెదురు కలం.]

ఇక కలం. దీన్ని మన శ్రీకాళహస్తి నుంచే మొదలుపెడదాం, ఎందుకంటే కలం నుంచి ఏమి ఆశించాలో ఇక్కడ కళ్ల ముందే కనిపిస్తుంది. చింతపుల్ల బొగ్గుతో ముందు రూపం గీస్తారు. ఆ తర్వాత వెదురు కలం పడతారు. దాని మొనకు కాస్త పైన ఉన్ని చుట్టి, దారంతో బిగించి ఉంటుంది. ఉన్ని రంగును పీల్చుకుంటుంది, వేళ్లతో నొక్కితే రంగు మొనకు దిగుతుంది. గీత సన్నబడాలన్నా లావెక్కాలన్నా చేతి ఒత్తిడి, కలం వాలు చూసుకోవాలి. ట్యాబ్లెట్ కలంలో వెతకవలసిన గుణాలు కూడా ఇవే: ఒత్తిడిని గ్రహించడం, వాలును గ్రహించడం.

[తెరపై: ట్యాబ్లెట్ తెర కింది పొరల బొమ్మ.]

ఈ ఒత్తిడిని యంత్రం ఎలా తెలుసుకుంటుంది? ప్రధానంగా రెండు పద్ధతులున్నాయి. సామ్‌సంగ్ ట్యాబ్లెట్ కలం పేరు ఎస్ పెన్, అది వాడేది వాకామ్ సంస్థ పద్ధతి. తెర కింద ఉన్న పలక విద్యుదయస్కాంత క్షేత్రాన్ని పుట్టిస్తుంది. కలంలోని తీగచుట్ట ఆ క్షేత్రం నుంచే శక్తి తీసుకుని తిరిగి సంకేతం పంపుతుంది. అందుకే రాయడానికి ఈ కలానికి బ్యాటరీ అవసరం లేదు. 4,096 స్థాయుల ఒత్తిడిని ఇది గుర్తిస్తుంది. పైగా ట్యాబ్లెట్ పెట్టెలోనే వస్తుంది, విడిగా డబ్బు పెట్టనవసరం లేదు. పరీక్ష మధ్యలో కలం ఛార్జింగ్ అయిపోతుందేమో అన్న దిగులు లేకపోవడం విద్యార్థికి ఎంత ఊరటో!

ఆపిల్ పెన్సిల్, సర్ఫేస్ కలాలు రెండో రకం. వాటిలో బ్యాటరీ ఉంటుంది, కలమే సంకేతాన్ని వెలువరిస్తుంది. ఆపిల్ పెన్సిల్ 2015లో మొదటి ఐప్యాడ్ ప్రోతో పాటు వచ్చింది. చేయి కదలడానికీ గీత కనిపించడానికీ మధ్య జాప్యాన్ని 2019లో 20 మిల్లీసెకన్ల నుంచి 9కి తగ్గించారు. రాసేటప్పుడు ఆ చురుకుదనం చేతికి తెలుస్తుంది.

ఆపిల్ పెన్సిళ్ల విషయంలో ఒక జాగ్రత్త చెప్పి తీరాలి. 2023లో వచ్చిన యూఎస్‌బీ-సీ పెన్సిల్ ధర తక్కువే, కానీ అది ఒత్తిడిని గ్రహించదు. నోట్సుకు సరిపోతుంది, బొమ్మలకు పనికిరాదు. రెండో తరం పెన్సిల్ ఎం4 ఐప్యాడ్ ప్రోకు అసలు పనిచేయదు, ఒత్తిడిని గ్రహించే కలం కావాలంటే దానికి పెన్సిల్ ప్రో కొనాలి. ట్యాబ్లెట్ ఒకచోట, పెన్సిల్ ఇంకోచోట పాతవి కొనాలనుకునేవారు ఏది దేనికి సరిపోతుందో ముందే చూసుకోండి. ఒక సంస్థ కలం ఇంకో సంస్థ తెర మీద సాధారణంగా రాయదు. వాకామ్ పద్ధతిలో తయారైన ఇతర సంస్థల కలాలు కొన్ని సామ్‌సంగ్ తెర మీద రాస్తాయి. వాటిలో స్టెడ్లర్ పెన్సిల్ ఒకటి.

[తెరపై: మూడు ట్యాబ్లెట్ల మీద ఒకే మాట రాస్తున్న చేయి: "శ్రీకాళహస్తీశ్వరుడు".]

తెలుగు రాసేవారికి ఇంకో సంగతి ఉంది, దీన్ని విదేశీ సమీక్షలు పట్టించుకోవు. మన అక్షరానికి తలకట్టు విడిగా పెట్టాలి, గుడి విడిగా, కింద వత్తు విడిగా. ఒక్క మాటకే కలం ఎన్నోసార్లు లేచి దిగుతుంది. కాబట్టి గీత మధ్యలో వేగం కన్నా, కలం ఆనిన క్షణంలోనే గీత మొదలవడం మనకు ముఖ్యం. తెర మీద ఆన్చిన అరచేతిని యంత్రం పట్టించుకోకుండా ఉండటం కూడా అంతే ముఖ్యం. నున్నటి గాజు మీద గుండ్రని అక్షరాలు జారిపోతాయి. కాగితంలా గరుకుగా ఉండే పొర అంటిస్తే రాత కుదురుతుంది, కానీ కలం మొన త్వరగా అరుగుతుంది, తెర మెరుపూ కాస్త తగ్గుతుంది. రోజూ రాసేవారికి నేను ఆ పొరనే సూచిస్తాను.

[దృశ్యం: మూడు తెరలు పక్కపక్కన, ఒక్కోదానిలో రెండేసి కిటికీలు తెరిచి.]

ఇక ఆపరేటింగ్ సిస్టమ్‌లు. ఐప్యాడ్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు ఐప్యాడ్‌ఓఎస్ అనే విడి పేరు 2019లో వచ్చింది. చిత్రకారులకు నేను ఇదే చెబుతాను, ముఖ్యంగా బొమ్మలు వేసే ప్రోక్రియేట్ యాప్ కోసం. ట్యాబ్లెట్లలో అది ఐప్యాడ్ మీదే దొరుకుతుంది. ఒకసారి కొంటే చాలు, నెలనెలా చందా ఉండదు. చాలా ఏళ్లు తెర మీది యాప్‌ల కిటికీలను (విండోలను) ఇష్టమొచ్చినట్టు అమర్చుకోలేకపోవడం దీని పెద్ద లోపం. 2025 సెప్టెంబరులో వచ్చిన ఐప్యాడ్‌ఓఎస్ 26 ఆ లోపాన్ని చాలావరకు సరిచేసింది. ఇప్పుడు కిటికీని ఎంత కావాలంటే అంతకు సాగదీసుకోవచ్చు, పైన మెనూ పట్టీ కూడా వచ్చింది. కొత్త వెర్షన్లు చాలా ఏళ్ల పాటు అందడం మరో బలం. 2015 నాటి మొదటి ఐప్యాడ్ ప్రోకు 2022లో వచ్చిన 16వ వెర్షన్ దాకా అందాయి.

ఆండ్రాయిడ్ పెద్ద తెరల మీద చాలా కాలం వెనకబడింది. 2011లో ట్యాబ్లెట్ల కోసమే 3.0 వెర్షన్ తెచ్చినా ఆ తర్వాత గూగుల్ శ్రద్ధ తగ్గింది. మళ్లీ 2022లో 12ఎల్ వెర్షన్‌తో కదలిక వచ్చింది. ఈలోగా సామ్‌సంగ్ తన డెక్స్‌తో కంప్యూటర్ లాంటి కిటికీల పద్ధతిని నిలబెట్టింది. ఫైళ్లను పెన్‌డ్రైవ్‌కు, ఇంకో ఫోనుకు పంపడం ఇందులో తేలిక. తెలుగులో రాసిందాన్ని టైపు అక్షరాలుగా మార్చుకోవాలనుకుంటే జీబోర్డు కీబోర్డులో తెలుగు చేతిరాత ఉంది. విద్యార్థికి నా మొదటి ఎంపిక ఈ సామ్‌సంగే: కలం పెట్టెలోనే వస్తుంది, పుస్తకం, నోట్సు పక్కపక్కన పడతాయి.

సర్ఫేస్‌లో ఉండే విండోస్ గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. మీ పని విండోస్ ప్రోగ్రాముతో ముడిపడి ఉంటే వేరే దారి లేదు. ట్యాలీలో లెక్కలు రాసేవారు, అను ఫాంట్లతో పేజ్‌మేకర్‌లో పుస్తకాలు కూర్చే డీటీపీ వారు ఐప్యాడ్ కొని ఇబ్బంది పడకండి. స్నాప్‌డ్రాగన్ ప్రాసెసర్ ఉన్న సర్ఫేస్ కొనేటప్పుడు మాత్రం మీ ప్రింటరుకు తగిన డ్రైవర్, అంటే దాన్ని నడిపించే సాఫ్ట్‌వేర్, ఉందో లేదో కనుక్కోండి. పాత ప్రోగ్రాములు చాలావరకు నడుస్తాయి కానీ పాత డ్రైవర్లు నడవవు.

[దృశ్యం: మే నెల మధ్యాహ్నం, అలిపిరి దగ్గర ఎండలో నిలిపిన కారు.]

మన ఎండల మాట మరవకూడదు. ఐప్యాడ్‌ను 35 డిగ్రీల లోపు పరిసరాల్లో వాడమని ఆపిల్ స్వయంగా చెబుతోంది. తిరుపతిలో మే నెలలో 40 దాటడం మామూలే. వేడెక్కితే తెర మసకబారుతుంది, ఛార్జింగ్ ఆగిపోతుంది. కొండకు వెళ్తూ ట్యాబ్లెట్‌ను కారులో వదలకండి. ఏ సంస్థ పరికరానికైనా ఇది వర్తిస్తుంది.

[దృశ్యం: దుకాణంలో ట్యాబ్లెట్ మీద రాస్తున్న చేయి.]

దుకాణానికి వెళ్లినప్పుడు నిలబడి రాయకండి. కుర్చీ అడిగి కూర్చోండి. అరచేయి తెర మీద ఆన్చి, మీ పాఠంలోని ఒక పేరా మామూలు వేగంతో తెలుగులో రాయండి. పక్కన పీడీఎఫ్ తెరిచి ఉంచండి. రాసిన పేజీని పీడీఎఫ్‌గా మార్చి మీ ఫోనుకు పంపించుకుని తెరవండి. తలకట్టులు, వత్తులు అక్కడ కూడా ఉన్నచోటే ఉంటే ధర అడగండి.