శనగ బుడిపెని కోసి చూద్దాం: లోపల ఈ ఎరుపు ఎవరిది?

నమస్తే అండి. ఇది మా బాబాయి చేను, ఒంగోలు దగ్గర నాగులుప్పలపాడు మండలం. నల్లరేగడి. నవంబరు మొదట్లో జేజీ-11 రకం శనగ వేశాడు, ఇవాళ్టికి 40 రోజుల పైరు. పొద్దున నేను వచ్చేసరికి గట్టు మీద యూరియా బస్తా కనబడింది. "మిగిలింది, ఓ మూల చల్లాను, బాగుంటే అంతా చల్లేద్దాం" అన్నాడు. ఈ వీడియో అందుకే తీస్తున్నా.

ఈ మొక్కని పీకలేదండి. పారతో చుట్టూ తవ్వి మట్టిగడ్డతో సహా ఎత్తాను. పీకితే మనకి కావలసిన వేరు బుడిపెలు నేలలోనే తెగి ఉండిపోతాయి. తర్వాత "మా చేలో బుడిపెలే లేవు" అంటాం. గడ్డని బకెట్ నీళ్లలో నానబెట్టి మెల్లగా ఊపితే మట్టి దానంతటదే జారిపోతుంది.

తమ్ముడూ, కెమెరా కాస్త కిందికి పట్టు. ఇదిగో, తల్లివేరు పైభాగంలో గుత్తులు. వేరుశనగకైతే ఇవి గుండ్రంగా ఉంటాయి. శనగకి కొస పెరుగుతూనే ఉంటుంది కాబట్టి చీలి కోడిపుంజు జుట్టులా తయారవుతుంది. గోటితో గీరితే ఊడొచ్చింది చూశారా? ఊడిరాకుండా వేరే ఉబ్బి ఉంటే అది నులిపురుగు ముడి, దాని సంగతి వేరు.

బ్లేడుతో నిలువుగా కోస్తున్నా. కొస తెల్లగా, మధ్య ఎర్రగా, వేరుకి అంటుకున్న చోట కాస్త ఆకుపచ్చగా ఉంది. ఎరుపు నా వేలికి కూడా అంటింది. ఇవాళ మన కథంతా ఈ ఎరుపుదే.

గాలిలో 78 శాతం నత్రజనే, కానీ మొక్కకి అందదు. రెండు పరమాణువులు మూడు బంధాలతో బిగుసుకుని ఉంటాయి. వాటిని విడదీసి అమ్మోనియా చేయడానికి ఫ్యాక్టరీలో 400 డిగ్రీలు, 150 రెట్ల వాతావరణ పీడనం, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే కావాలి. ఈ బుడిపెలో ఉన్న రైజోబియం బాక్టీరియా ఆ పని చల్లగా చేసేస్తుంది. దాని పనిముట్టు నైట్రోజినేజ్ అనే ఎంజైమ్. అందులో రెండు ప్రొటీన్లు. ఇనుమున్న చిన్నది ఎలక్ట్రాన్లని ఒక్కొక్కటిగా అందిస్తుంది, ఇనుము, మాలిబ్డినం ఉన్న పెద్దది వాటితో నత్రజనిని విడగొడుతుంది. ఒక్క నత్రజని అణువుకి 8 ఎలక్ట్రాన్లు, 16 ఏటీపీలు (కణానికి శక్తినిచ్చే అణువులు) ఖర్చు. వచ్చేది రెండు అమ్మోనియాలు. 8 ఎలక్ట్రాన్లలో రెండు ఉత్త హైడ్రోజన్‌గా పోతాయి. ప్రకృతి ఏదీ వృథా చేయదని చెప్పే మా లెక్చరర్‌ని ఇది అడగాలనుకున్నా, ధైర్యం చాల్లేదు.

అసలు చిక్కు ఇక్కడుంది. అన్ని ఏటీపీలు కావాలంటే ఆక్సిజన్ కావాలి. ఆ ఆక్సిజన్ తగిలితే నైట్రోజినేజ్ పాడైపోతుంది, మళ్లీ బాగవదు. ఊపిరి పీల్చకపోతే పని సాగదు, పీలిస్తే పనిముట్టే పోతుంది.

ఆ చిక్కు విప్పేది ఈ ఎరుపు. పేరు లెగ్‌హీమోగ్లోబిన్, మన నెత్తుటిలో ఉన్నదానికి చుట్టమే. 1939లో జపాన్ శాస్త్రవేత్త కుబో దీన్ని గుర్తుపట్టాడు. ఆక్సిజన్‌ని గట్టిగా పట్టుకుని, బాక్టీరియా వాకిట్లోకి తెచ్చి వదులుతుంది. కనిగిరి వైపు ఎండాకాలంలో ట్యాంకర్ వచ్చినప్పుడు చూడండి: వీధి తడవదు, ఇంటింటి బిందె మాత్రం నిండుతుంది. అలాగే బుడిపెలో విడిగా తిరిగే ఆక్సిజన్, మామూలు నీళ్లలో కరిగి ఉండేదానికంటే వేల రెట్లు తక్కువ.

2005లో లోటస్ జపానికస్ అనే చిన్న పప్పుజాతి మొక్కలో, మన తామర కాదండోయ్, ఈ లెగ్‌హీమోగ్లోబిన్ జన్యువుల్ని పనిచేయకుండా నొక్కేసి చూశారు. బుడిపెలు వచ్చాయి, లోపల బాక్టీరియా ఉంది, కానీ రంగు తెలుపు. నత్రజని సున్నా. ఎరువు వేస్తే మాత్రం మొక్క శుభ్రంగా పెరిగింది.

మరి ఎరుపు ఎవరిది? మొక్కది. ఆ ప్రొటీన్ జన్యువు మొక్కలో ఉంది. నైట్రోజినేజ్‌ని చేసే నిఫ్ జన్యువులు బాక్టీరియాలో ఉన్నాయి. లూసర్న్ గడ్డి వేళ్లలో ఉండే రకంలోనైతే ఫిక్స్-ఎల్ అనే ప్రొటీన్ ఆక్సిజన్ తగ్గిందని పసిగట్టాకే ఆ జన్యువులు మేలుకుంటాయి. ఇంకో విచిత్రం చెబుతా. నైట్రోజినేజ్ గుండెకాయలో హోమోసిట్రేట్ అనే చిన్న అణువు ఉండాలి. చాలా రైజోబియం రకాలకి దాన్ని చేసుకునే జన్యువే లేదు. ఆ అణువుని మొక్కే వండి పెడుతుందని 2009లో అదే లోటస్ మొక్కలో తేలింది. వియ్యంకులు వంట సామాను పంచుకున్నట్టుంది.

బాక్టీరియా లోపలికి ఎలా వచ్చిందంటారా? వేరు ఫ్లేవనాయిడ్లు అనే రసాయనాలు వదులుతుంది. బాక్టీరియాలోని నాడ్-డి అనే ప్రొటీన్ వాటిని గుర్తుపట్టి నాడ్ జన్యువుల్ని మేల్కొలుపుతుంది. అవి ఒక కొవ్వు తోక ఉన్న చక్కెర గొలుసు తయారుచేస్తాయి. వేరు నూగు దాన్ని గుర్తుపడితే వంకర తిరిగి బాక్టీరియాని చుట్టేసుకుంటుంది, లోపలికి సన్నటి గొట్టంలా దారిస్తుంది. ఈ తాళంచెవి పంట పంటకీ వేరు. శనగకి మీసోరైజోబియం సిసెరి లాంటివే సరిపోతాయి. వేరుశనగ కల్చర్, అంటే విత్తనానికి పట్టించే బాక్టీరియా ప్యాకెట్, తెచ్చి శనగకి కలిపితే డబ్బు దండగ. ప్యాకెట్ మీద పంట పేరు చూడండి.

ఇంకోటి, అది ప్రాణమున్న సరుకు. నిరుడు మేం ఒక షాపులో కొన్న ప్యాకెట్లు ఎండలో పెట్టి ఉన్నాయి, చూసి కూడా తెచ్చుకున్నాం. బెల్లం నీళ్లతో విత్తనానికి పట్టించి, నీడలో ఆరబెట్టి, అన్నీ పద్ధతిగా చేశాం. బుడిపెలు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని వచ్చాయి.

ఇక యూరియా. అదీ నత్రజని ఎరువే. నేలలో నత్రజని దండిగా దొరికితే మొక్క ఈ అతిథికి తిండి పెట్టదు. బుడిపెలు తగ్గుతాయి, ఉన్నవి చిన్నవైపోతాయి. మొదట్లో వేసే 50 కిలోల డీఏపీ బస్తాలోనే 9 కిలోల నత్రజని ఉంది. ఎకరం శనగకి అది చాలు.

ఇది బాబాయి యూరియా చల్లిన మూలలో తవ్విన మొక్క. పైకి ఇదే ఎక్కువ పచ్చగా ఉంది, ఒప్పుకుంటా. వేరు కడిగాం. బుడిపెలు ఒకటి, రెండు, మూడు... నాలుగోది మట్టి. కోస్తున్నా. పాలిపోయి ఉంది, వేలికి ఏమీ అంటలేదు.

బాబాయి ఇంకోటి కోయమంటున్నాడు. బ్లేడ్ నువ్వే పట్టుకో బాబాయ్.