డబ్బాలో మూడు, కంచంలో తొమ్మిది

(నల్గొండలో పోలీసు ఉద్యోగాల ఈవెంట్స్‌కు ప్రాక్టీస్ చేస్తున్న అభ్యర్థుల ముందు ఒక రిటైర్డ్ బయోకెమిస్ట్రీ లెక్చరర్ చేసిన ప్రసంగం పాఠం)

అందరికీ నమస్కారం. పొద్దున్నే ఐదింటికి గ్రౌండ్‌కు వచ్చి, రౌండ్లు కొట్టి, చెమట ఆరకముందే ఇట్లా కింద కూర్చున్నారు. ఆకలిగా ఉన్నవాళ్లకు ఉపన్యాసం ఇవ్వడం పాపం. కానీ నేను మాట్లాడేది తిండి గురించే కాబట్టి కాస్త ఓర్చుకోండి. వెనకాల పొయ్యి మీద శనగలు ఉడుకుతున్నాయి, వాసన నాకూ వస్తోంది.

ఈ డబ్బా చూడండి. మా మేనల్లుడిది. వాడూ మీలాగే కానిస్టేబుల్‌కు ప్రిపేరవుతున్నాడు, హైదరాబాద్‌లో హాస్టల్లో ఉంటాడు. పోయిన నెల ఇంటికొచ్చి బ్యాగులోంచి దీన్ని తీసి టీవీ పక్కన దేవుడి పటంలా నిలబెట్టాడు. ఎంతరా అంటే పద్దెనిమిది వందలట. వాళ్ల నాన్న నెలకు పంపేది ఆరు వేలు. నా ముఖం చూసి వాడే అందుకున్నాడు: "ఇది ప్రొటీన్ కాదు మామా, అమైనో. ప్రొటీన్ అయితే అరగాలె. ఇది సీదా రక్తంలకు పోతది."

వాడు చెప్పింది అబద్ధం కాదు. తిరకాసంతా అక్కడే ఉంది. మనం తిన్న పప్పూ, గుడ్డూ, మాంసం ఏదైనా కడుపులో, పేగుల్లో విడివడి చివరికి ప్రొటీన్‌కు ఇటుకల్లాంటి అమైనో ఆమ్లాలుగానే రక్తంలోకి వెళ్తాయి. డబ్బాలోది ముందే విడివడి ఉంది కాబట్టి తొందరగా వెళ్తుంది. ఆ మాట నిజమే. అయితే వెళ్లినదాంతో కండ పెరుగుతుందా అన్నది వేరే ప్రశ్న. షాపులో ఆ ప్రశ్న ఎవరూ అడగరు.

ముందు దీని సంగతి చూద్దాం. మూత తీస్తే పుచ్చకాయ వాసన. ఒక స్కూపు తీసి ఈ గ్లాసు నీళ్లలో వేస్తున్నాను. ముందు వరుసలో వాళ్లు చూడండి, చెంచాతో ఎంత తిప్పినా పైన తెట్టులా తేలుతోంది. అది ఎక్కువగా ల్యూసిన్ అనే అమైనో ఆమ్లం. దానికి నీళ్లంటే పడదు. నాలుక మీద పెట్టుకుంటే చేదు. ఆ చేదు తెలియకుండా ఉండడానికే ఈ పుచ్చకాయ ఫ్లేవరూ, సుక్రలోజ్ అనే కృత్రిమ తీపీ. వెనక లేబుల్ మీద ఉన్నది చదువుతాను: ల్యూసిన్ రెండున్నర గ్రాములు, ఐసోల్యూసిన్ ఒకటింబావు, వాలిన్ ఒకటింబావు. ఈ మూడింటినీ కలిపి బీసీఏఏ అంటారు. మిగతాది రంగు, రుచి, పులుపు.

మన శరీరంలోని ప్రొటీన్ల తయారీకి 20 రకాల అమైనో ఆమ్లాలు కావాలి. వాటిలో పదకొండింటిని శరీరం తానే తయారు చేసుకోగలదు. తొమ్మిది మాత్రం తిండిలోంచే రావాలి. ఆ తొమ్మిదిలో మూడు ఈ డబ్బాలో ఉన్నాయి. మిగిలిన ఆరు ఎక్కడ?

ఆ తొమ్మిదిలో అన్నిటికంటే ఆలస్యంగా దొరికింది థ్రియోనిన్. అమెరికాలో విలియం రోజ్ అనే శాస్త్రవేత్త అప్పటికి తెలిసిన అమైనో ఆమ్లాలన్నీ కొలిచి ఎలుకలకు పెట్టాడు. ఎలుకలు పెరగలేదు. పాలలోని కేసీన్ అనే ప్రొటీన్ పెడితే పెరిగాయి. అంటే కేసీన్‌లో ఇంకేదో ఉంది, తన గిన్నెలో లేదు. వెతగ్గా వెతగ్గా 1935లో థ్రియోనిన్ బయటపడింది. అన్నీ ఉండి ఒక్కటి లేకపోతే ఎదుగుదలే ఆగిపోయింది.

మీలో పాలమూరు నుంచి వచ్చినవాళ్లు చాలామంది ఉన్నారు, స్లాబు పోసే పని మీకు చెప్పక్కర్లేదు. ఇసుక ఉంది, కంకర ఉంది, నీళ్లున్నాయి, మిల్లర్ తిరుగుతోంది. సిమెంటు బస్తాలు అయిపోయాయి. ఇంకో రెండు ట్రాక్టర్ల ఇసుక తెప్పిస్తే స్లాబు పడుతుందా? ల్యూసిన్ చేసే పని ఇంకాస్త విచిత్రంగా ఉంటుంది. అది సామానూ, మేస్త్రీ రెండూ తానే. "మొదలుపెట్టండి" అని కేకేసేది అదే. కండరం ఆ కేక విని పని మొదలుపెడుతుంది. తీరా చూస్తే ఆ తొమ్మిదిలోని లైసిన్ లేదు, థ్రియోనిన్ లేదు, మెథియోనిన్ లేదు. అప్పుడు శరీరం ఏం చేస్తుంది? పాత గోడ విప్పి ఆ ఇటుకలే తెచ్చి కొత్త గోడకు వాడుతుంది. అంటే ఉన్న కండనే కొంత కరిగించుకుంటుంది.

2017లో వచ్చిన ఒక అధ్యయనంలో బరువులెత్తిన కుర్రాళ్లకు 5.6 గ్రాముల బీసీఏఏ ఇచ్చి చూశారు. కండరంలో ప్రొటీన్ తయారీ వేగం 22 శాతం పెరిగింది. ప్రకటనల్లో వేసుకునేది ఈ అంకెనే. కానీ ఇంతే బీసీఏఏ ఉన్న పాల విరుగుడు ప్రొటీన్, అంటే వే, తాగినప్పుడు పెరుగుదల దాదాపు దీనికి రెట్టింపు ఉంటుందని అంతకుముందే తెలుసు. తేడా ఆ మిగిలిన ఆరింటిది. కడుపు నిండా ప్రొటీన్ తినేవాడికి బీసీఏఏ వల్ల అదనంగా ఒరిగేది చాలా తక్కువ. ఒళ్లు నొప్పులు కాస్త తగ్గుతాయని కొన్ని పరిశోధనల్లో కనిపించింది. అంతవరకు ఒప్పుకుందాం.

ఇప్పుడు మన ఊరి కథ ఒకటి చెప్తాను. నాకు ఎంత చెప్పినా తనివి తీరని కథ. ఈ ల్యూసిన్‌ను ఇవాళ డబ్బాల్లో కొంటున్నాం కదా, అరవై ఏళ్ల కింద మన దక్కన్ పీఠభూమిలో ఇదే ల్యూసిన్ దొంగలా బోనులో నిలబడింది. జొన్నే తిని బతికే పేదల్లో పెల్లాగ్రా అనే జబ్బు వచ్చేది. ఎండ తగిలే చోటల్లా, మెడ చుట్టూ, చేతుల మీద చర్మం నల్లబడి పొలుసులు లేచేది. విరేచనాలు, మతిమరుపు. నియాసిన్ అనే బి విటమిన్ లోపం అది. మొక్కజొన్న తినేవాళ్లలో ఈ జబ్బు ఎందుకొస్తుందో అప్పటికే తెలుసు. జొన్న తినేవాళ్లకు ఎందుకు రావాలి? హైదరాబాద్‌లో, ఇవాళ మనం ఎన్‌ఐఎన్ అని పిలిచే జాతీయ పోషకాహార సంస్థలో, గోపాలన్, శ్రీకంఠయ్య అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1960లో ఒక మాట చెప్పారు: జొన్నలో ల్యూసిన్ మోతాదు మించి ఉంది, అది నియాసిన్ పనికి అడ్డు తగులుతోందేమో అని. దీని మీద తర్వాత చాలా వాదోపవాదాలు నడిచాయి, అందరూ ఒప్పుకోలేదు. అయితే ఐసోల్యూసిన్ ఇస్తే రోగులకు మేలు జరిగిందని కూడా అక్కడి వాళ్లే తర్వాత రాశారు. అంటే ఒకటి ఎంత ఉందని మాత్రమే చూస్తే కుదరదు. పక్కనున్నవాటితో పోలిస్తే ఎంత ఉందన్నదీ లెక్కలోకి వస్తుంది.

ఇది విని ఇంటికెళ్లి జొన్నను తిట్టకండి. వట్టి జొన్నతో, పక్కన ఏమీ లేకుండా బతికిన రోజుల కథ అది. రెండు వందల గ్రాముల జొన్నపిండి, అంటే మూడు నాలుగు రొట్టెలు, అందులోనే దాదాపు ఈ స్కూపులో ఉన్నంత ల్యూసిన్ ఉంటుంది. మా మేనల్లుడికి ఈ లెక్క చెప్తే చాలాసేపు మాట్లాడలేదు. జొన్నలో తక్కువైనది లైసిన్. ఆ లైసిన్ కందిపప్పులో, శనగల్లో, బొబ్బర్లలో దండిగా ఉంటుంది. పప్పుల్లో తక్కువైన మెథియోనిన్ జొన్నలో, బియ్యంలో ఉంటుంది. జొన్నరొట్టె, తాండూరు కందిపప్పు ఒక కంచంలో పడితే తొమ్మిదీ వచ్చేసినట్టే. సర్వపిండిలో బియ్యప్పిండి, శనగపప్పు, పల్లీలు ఎందుకు కలుపుతారో మా అమ్మకు తెలియదు. రుచికే అనుకునేది. ఒకే ముద్దలో అన్నీ ఉండాలనేం లేదు, రోజు మొత్తంలో అందితే చాలు. నాగార్జునసాగర్ డ్యామ్‌కు 1955 డిసెంబరులో శంకుస్థాపన జరిగింది. రాతి కట్టడం కదా, నెత్తిన రాళ్లు మోసి మెట్లెక్కినవాళ్లు ఎన్ని వేల మందో. వాళ్ల మూటల్లో ఉన్నది రొట్టే, తొక్కే. పప్పు దొరికిన రోజు పండగ. బలం రొట్టెలోనే ఉందని నేను చెప్పడం లేదు. వాళ్లకు చాలినంత తిండి దొరకలేదు. ఆ కష్టాన్ని గొప్పగా చెప్పుకోవడం నాకు ఇష్టం ఉండదు. మీకు మాత్రం ఆ అవస్థ రాకూడదు.

సరే, మీకెంత కావాలి? ఎన్‌ఐఎన్ 2020 లెక్క ప్రకారం మామూలు మనిషికి కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రొటీన్. 65 కిలోల కుర్రాడికి 54 గ్రాములు. మీలా పరుగు, బరువులు రెండూ చేసేవాళ్లకు కిలోకు 1.2 నుంచి 1.6 దాకా, అంటే 78 నుంచి 104 గ్రాములు చాలు. 1.6 దాటాక కండ పెరుగుదలలో పెద్ద తేడా కనిపించలేదు. నాలుగు గుడ్లకు 24. అర లీటరు పాలకు 16. ఎండు పప్పు వంద గ్రాములు వండుకుంటే 21. యాభై గ్రాముల పల్లీలకు 12. రోజుకు మూడు వందల గ్రాముల బియ్యమో జొన్నో తింటారు, దానికి పాతిక. కూడుకోండి, వందకు రెండు తక్కువ.

"సార్, మా మెస్‌లో పప్పులో పప్పును వెతుక్కోవాలె" అని మీరు అనుకుంటున్నారని తెలుసు. అందుకే చెప్తున్నా, డబ్బా డబ్బులు గుడ్లకు పెట్టండి. గుడ్డు ఏడు రూపాయలనుకున్నా పద్దెనిమిది వందలకు రెండు వందల యాభై పైనే వస్తాయి. గుడ్డు తినని వాళ్లు మీల్ మేకర్ తినండి, యాభై గ్రాముల్లో పాతిక గ్రాముల ప్రొటీన్. పాలపొడిలా కలుపుకునే వే ప్రొటీన్‌లో తొమ్మిదీ ఉంటాయి, తినడానికి తీరిక లేనివాడు వాడుకుంటే తప్పు కాదు. కానీ ఎన్‌ఐఎన్ 2024లో ఇచ్చిన ఆహార మార్గదర్శకాల్లో కండల కోసం ప్రొటీన్ సప్లిమెంట్ల జోలికి పోవద్దనే చెప్పింది.

అమ్మాయిలకు ఒక మాట. తెలంగాణ ఆడవాళ్లలో సగానికి పైగా రక్తహీనత ఉంది. మీరు 800 మీటర్లలో చివరి రెండు వందల దగ్గర ఆగిపోతున్నారంటే అది అమైనో లోపం కాకపోవచ్చు. ఏ డబ్బా కొనేముందైనా హిమోగ్లోబిన్ పరీక్ష చేయించుకోండి. ప్రభుత్వాసుపత్రిలో ఉచితం.

మరి సప్లిమెంట్లలో పనిచేసేవే లేవా? ఉన్నాయి. క్రియాటిన్. శరీరం దీన్ని గ్లైసిన్, ఆర్జినిన్, మెథియోనిన్ అనే అమైనో ఆమ్లాల నుంచి తానే తయారు చేసుకుంటుంది. రోజుకు 3 నుంచి 5 గ్రాములు తీసుకుంటే షాట్‌పుట్, లాంగ్ జంప్ లాంటి క్షణాల్లో అయిపోయే బలప్రదర్శనకు సాయపడుతుంది. మొదట్లో ఒకటి రెండు కిలోలు నీటి బరువు పెరగొచ్చు, 1600 మీటర్లు పరుగెత్తాల్సినవాడు అది ఆలోచించుకోవాలి. కిడ్నీల పనితీరు తెలుసుకోడానికి చూసే క్రియాటినిన్ రక్తపరీక్షలో ఎక్కువగా చూపిస్తుంది, డాక్టర్‌కు వాడుతున్నట్టు ముందే చెప్పండి, లేకపోతే ఇద్దరికీ టెన్షన్. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు ముట్టుకోవద్దు. బీటా అలనిన్ అనే అమైనో కూడా ఒకటి నుంచి నాలుగు నిమిషాల గట్టి పరుగుకు కొంత పనిచేస్తుంది. అది తాగగానే ముఖం మీద, చేతుల మీద చీమలు పాకినట్టుంటుంది. ఆ జిలజిలనే "పవర్ ఎక్కింది" అని అమ్ముతారు. అది నరాల మీద కలిగే చిన్న ప్రభావం, అంతే. గ్లుటమిన్ అనే ఇంకో అమైనో మీద ఆరోగ్యవంతులు డబ్బు పెట్టాల్సిన పని లేదు.

ఎక్కువైతే ఏమవుతుంది, అమైనోనే కదా, తిండే కదా అంటారు. 1989లో అమెరికాలో నిద్ర కోసం ట్రిప్టోఫాన్ మాత్రలు మింగినవాళ్లలో పదిహేను వందల మందికి పైగా కండరాల నొప్పులతో మంచాన పడ్డారు, ముప్పై మందికి పైగా చనిపోయారు. ఒకే కంపెనీ సరుకులో కలిసిన మలినాలే కారణమని తేలింది. 2006లో గుండెపోటు వచ్చినవాళ్లకు ఆర్జినిన్ మేలు చేస్తుందేమోనని పరీక్షిస్తుంటే, ఆర్జినిన్ ఇచ్చిన గుంపులో ఆరుగురు పోయారు, ఇవ్వని గుంపులో ఒక్కరూ పోలేదు. పరీక్ష మధ్యలోనే ఆపేశారు. ఇవే అమైనో ఆమ్లాలు డాక్టర్ చేతిలో మందులు కూడా. లివర్ బాగా దెబ్బతిని మెదడు మందగించినవాళ్లకు ఈ డబ్బాలోని మూడింటినే ఇస్తారు. అదే సమయంలో పుట్టుకతో ఈ మూడింటినీ ఒంట్లో విడగొట్టుకోలేని పిల్లలున్నారు, వాళ్లకు ఇవే విషం.

చివరగా మోసం సంగతి. ల్యాబులో ప్రొటీన్‌ను నేరుగా కొలవరు, నైట్రోజన్ కొలిచి 6.25తో హెచ్చిస్తారు. అందుకని కొందరు ఖరీదైన ప్రొటీన్ తగ్గించి, చవకైన గ్లైసిన్, టారిన్ లాంటి విడి అమైనోలు కలుపుతారు. వాటిలోనూ నైట్రోజన్ ఉంటుంది కాబట్టి లెక్క సరిపోతుంది, డబ్బా మీద "24 గ్రాములు" అని పడుతుంది. పాలలో నీళ్లు కలిపే విద్యే, ఇంగ్లిష్ చదువుకుంది. కొనక తప్పదంటే లేబుల్ మీద కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ వాళ్ల 14 అంకెల లైసెన్సు నంబరు చూడండి, పదార్థాల జాబితాలో గ్లైసిన్, టారిన్ విడిగా ఉన్నాయేమో చదవండి. జిమ్‌లో కోచ్ విడిగా కవర్లో కట్టిచ్చే పొడి మాత్రం ఎవరిచ్చినా తీసుకోవద్దు.

2022 నోటిఫికేషన్‌లో మగవాళ్లకు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లు. ఇక్కడ ఎనిమిది నిమిషాల్లో చేస్తున్నవాళ్లు ఎందరో చేతులెత్తండి. సగం మంది. ఆ నలభై ఐదు సెకన్లు ఈ గ్లాసులో లేవు. చూడండి, ఇందాకటి నుంచి తిప్పుతూనే ఉన్నా, ఇంకా తేలుతూనే ఉంది.

గుడాలు దించినట్టున్నారు. ఉల్లిగడ్డ, నిమ్మకాయ అక్కడే పెట్టారు. ప్రశ్నలేమన్నా ఉంటే తింటూ అడగండి.