‘రిఫర్ చేశాం’ అన్న తర్వాత

వ్యాఖ్యాత: నమస్కారం. కోనసీమలో హెచ్‌ఐవీ కౌన్సెలర్‌గా పనిచేస్తున్న మేడమ్ గారు ఈ రోజు మనతో ఉన్నారు. మేడమ్, 2004 నుంచి హెచ్‌ఐవీని అదుపులో ఉంచే ఏఆర్‌టీ మందులను ప్రభుత్వమే ఉచితంగా ఇస్తోంది కదా, ఇంకా లోటు ఎక్కడుందంటారు?

కౌన్సెలర్: మందుల్లో కాదండీ, ఒక విభాగానికీ మరో విభాగానికీ మధ్య ఉంది. పరీక్ష చేసినచోట చీటీ రాసిచ్చి, రిజిస్టరులో ‘రిఫర్ చేశాం’ అని రాసుకుంటే మన పని అయిపోయిందనుకుంటాం. సఖినేటిపల్లి వైపు నుంచి వచ్చే కూలీకి మరో ఆసుపత్రికి వెళ్లడమంటే ఇంకో రోజు కూలి పోవడమే. రోగనిరోధక శక్తిని సూచించే సీడీ4 కణాల సంఖ్య ఎంత ఉన్నా, నిర్ధారణ అయిన వారందరికీ చికిత్స ఇవ్వాలని 2017లోనే నిర్ణయించినా, మనిషి ఏఆర్‌టీ కేంద్రానికి చేరనిదే ఆ నిర్ణయం ఎందుకూ కొరగాదు.

వ్యాఖ్యాత: క్షయ విభాగంతో సమన్వయం అంత అవసరమా?

కౌన్సెలర్: ప్రాణావసరం. హెచ్‌ఐవీకి ఇప్పుడు ఎక్కువమంది వాడుతున్న మాత్రలో డోలుటెగ్రావిర్ అనే మందు 50 మిల్లీగ్రాములు ఉంటుంది. క్షయ కూడా ఉన్నవారికి ఆ జబ్బుకు ఇచ్చే రిఫాంపిసిన్ మందు వల్ల అది రక్తంలో నిలవవలసినంత నిలవదు కాబట్టి, 12 గంటల తర్వాత డోలుటెగ్రావిర్ మాత్ర మరొకటి వేసుకోవాలి. రిఫాంపిసిన్ ఆపేశాక కూడా ఆ రెండో మాత్రను రెండు వారాలు కొనసాగించాలి. ఈ రెండు విభాగాలూ మాట్లాడుకోకపోతే ఆ రెండో మాత్ర రాసేదెవరు? పాపం, రోగి రెండు చోట్ల మందులూ తప్పకుండా వేసుకుంటూనే ఉంటారు. వైరల్ లోడ్, అంటే రక్తంలో వైరస్ పరిమాణం తగ్గకపోతే మాత్రం ‘మీరు సరిగా వేసుకోవడం లేదు’ అని మనం వారినే నిలదీస్తాం. నాకు అన్నిటికంటే అన్యాయంగా కనిపించేది ఇదే.

వ్యాఖ్యాత: ఇంతమందికి సమాచారం తెలిస్తే గోప్యత మాటేమిటి?

కౌన్సెలర్: 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉన్న హెచ్‌ఐవీ చట్టం ప్రకారం, చికిత్సకు అవసరమైన మేరకు వైద్య సిబ్బంది తమలో తాము సమాచారం పంచుకోవచ్చు. అలాగని ఊరందరికీ తెలిసేలా ఇంటికి వెళ్లకూడదు. లంక గ్రామంలో కొత్త మనిషి ఎవరింటి ముందు ఆగినా ‘ఎవరండీ, ఏం పనిమీద వచ్చారు?’ అని నలుగురూ ఆరా తీస్తారు. అందుకే కొందరు దగ్గరి కేంద్రాన్ని వదిలి, గోదావరి దాటి రాజమహేంద్రవరం వెళ్లి మందులు తెచ్చుకుంటారు. దూరం తగ్గిస్తే సేవ మెరుగుపడినట్టేనని లెక్కవేసే అధికారులకు ఇది ఒక పట్టాన అర్థం కాదు. ఎక్కడికి వెళ్తారో రోగినే ముందుగా అడిగి, ఆ కేంద్రానికి మనమే ఫోన్ చేసి, వారు చేరి పేరు నమోదు చేయించుకున్నారని తెలిశాకే మన పని పూర్తయిందనుకోవాలి.

వ్యాఖ్యాత: స్వచ్ఛంద సంస్థల పాత్ర ఏమిటండీ?

కౌన్సెలర్: హెచ్‌ఐవీతో జీవిస్తున్నవారి సంఘాల తోడ్పాటు లేకుండా, మందులు మానేసినవారిని మళ్లీ తీసుకురావడం మా వల్ల అయ్యే పని కాదు. తనూ అవే మాత్రలు వేసుకుంటున్న మనిషి చెబితే వినేవారు, నేను చెబితే తల ఊపి వెళ్లిపోతారు. గర్భిణుల విషయంలో ఆశా కార్యకర్తలు, ఏఎన్‌ఎంలు కూడా కలవాలి. ప్రసవానికి పుట్టింటికి వెళ్లిన తల్లి ఏ మండలంలో ఉందో తెలిస్తేనే, బిడ్డకు ఆరు వారాలప్పుడు చేయాల్సిన రక్తపరీక్ష తప్పిపోకుండా చూడగలం.

వ్యాఖ్యాత: ధన్యవాదాలు మేడమ్. సందేహాలున్న శ్రోతలు 1097 నంబరుకు ఉచితంగా ఫోన్ చేయవచ్చు.