మత్తు డాక్టర్ అడిగే ఆ ఒక్క ప్రశ్న

నమస్కారమండీ. ‘చిన్న ఆపరేషనే, రేపు సాయంత్రానికల్లా ఇంటికొచ్చేయొచ్చు’ అనే మాట మనందరం ఎప్పుడో ఒకప్పుడు వినే ఉంటాం. చాలాసార్లు అది నిజమే. అయితే కోత చిన్నదైతే మత్తు కూడా చిన్నదేననుకుంటాం చూడండి, అక్కడే వస్తుంది తంటా. పిత్తాశయంలో రాళ్లు తీసినా, గుండెకు బైపాస్ చేసినా, మనిషిని నిద్రపుచ్చి, కండరాలు పట్టు వదిలేలా చేసి, గొంతులోకి గొట్టం దింపి, ఆ కాసేపు ఊపిరి తీసే పని డాక్టరే చూసుకోవడం రెండుచోట్లా ఉంటుంది.

ఇక్కడ చెన్నైలోనే, జార్జ్ టౌన్‌లో మాకు బాగా తెలిసిన కిరాణా వ్యాపారుల కుటుంబం ఒకటుంది. ఆ ఇంటి కోడలికి పిత్తాశయం ఆపరేషన్. మేనరికం సంబంధం, అత్తగారే సొంత మేనత్త. ఆపరేషన్ సజావుగా అయిపోయింది, సర్జన్ బయటికొచ్చి ఓ చిన్న డబ్బాలో రాళ్లు కూడా చూపించి వెళ్లారు. గంటైంది, రెండు గంటలైంది, అమ్మాయిని మాత్రం బయటికి తేలేదు. చివరికి మత్తు డాక్టర్ వచ్చి, తమిళ యాస తెలుగులో మెల్లగా, ‘అమ్మా, మీరు కోమట్లా?’ అని అడిగారు. పెద్దావిడకు ఒళ్లు మండిపోయింది. ‘ఆస్పత్రిలో కులం గొడవెందుకు బాబూ, పిల్ల ఎలా ఉందో చెప్పు ముందు’ అన్నారు.

కోపం రావడం సహజమే. కానీ ఆ డాక్టర్ అడగాల్సిన ప్రశ్నే అడిగారు.

గొట్టం వేసే ముందు కండరాలు వదులవడానికి స్కోలిన్ అనే ఇంజక్షన్ ఇస్తుంటారు. నిమిషంలో పనిచేస్తుంది, పది నిమిషాల లోపే దిగిపోతుంది. దిగిపోవడానికి కారణం మన రక్తంలో ఉండే ఓ ఎంజైమ్, పేరు కాస్త నోరు తిరగదు, బ్యుటైరిల్‌కోలినెస్టరేజ్. కొందరికి పుట్టుకతోనే ఇది సరిగా ఉండదు. ఉండకపోతే రోజువారీ జీవితంలో ఏ ఇబ్బందీ లేదు, తింటారు, తిరుగుతారు, నూరేళ్లు బతుకుతారు, ఒంట్లో ఇలాంటిదొకటి ఉందని కూడా తెలియదు. స్కోలిన్ పడిన రోజే బయటపడుతుంది. పది నిమిషాల్లో పోవాల్సిన మందు గంటల తరబడి పట్టుకుని ఉంటుంది, మనిషి కదల్లేడు, సొంతంగా ఊపిరి తీసుకోలేడు.

ఈ లోపం ఆర్యవైశ్యుల్లో మిగతావారికంటే బాగా ఎక్కువ. 2006లో కోయంబత్తూరు భారతియార్ విశ్వవిద్యాలయం పరిశోధకులు పాల్గొన్న ఓ అధ్యయనంలో, ఆ సముదాయంలో దీనికి కారణమైన ఒక జన్యు మార్పును గుర్తించారు కూడా. వైశ్యులందరికీ ఉంటుందని కాదు, మిగతా కులాలకు రాదనీ కాదు. అమ్మ నుంచీ నాన్న నుంచీ, రెండువైపులా లోపమున్న జన్యువే వస్తే ఇంత తీవ్రంగా ఉంటుంది. తరతరాలుగా మనలో మనమే ఇచ్చిపుచ్చుకుంటే, అందులోనూ మేనరికమైతే, అలా రెండువైపులా కలిసే అవకాశం పెరుగుతుంది మరి.

ఇలా జరిగితే చేయాల్సింది ఓపిక పట్టడమే. మందు దానంతటదే దిగేదాకా వెంటిలేటర్ మీద ఉంచుతారు. ఒక్క విషయం మాత్రం ముఖ్యం, నిద్రమందు ఆపకూడదు. ఎందుకంటే స్కోలిన్ కండరాలనే కట్టేస్తుంది, స్పృహను కాదు. కళ్లు తెరవలేక, వేలు కదపలేక, చుట్టూ అన్నీ వినిపిస్తూ పడి ఉండటం ఎంత నరకమో ఊహించుకోండి. మా వాళ్లమ్మాయిని ఆ బాధ పడనివ్వలేదు, ఐసీయూలో నిద్రలోనే ఉంచారు. అర్ధరాత్రి దాటాక గొట్టం తీసేశారు, తెల్లారి లేచి కాఫీ అడిగింది.

అప్పుడు చెప్పారు పెద్దావిడ, వాళ్ల చిన్న తమ్ముడికి కూడా, అంటే ఈ అమ్మాయికి సొంత బాబాయికి, ఎప్పుడో హెర్నియా ఆపరేషనప్పుడు ఇలాగే ‘మత్తు పడలేదు’, రాత్రంతా లేవలేదని. ముందురోజు ఫారం నింపేటప్పుడు ‘ఇంట్లో ఎవరికైనా మత్తుతో ఇబ్బంది వచ్చిందా’ అని అడిగితే ఆవిడ కొడుకు, అంటే అమ్మాయి భర్త, ‘నో’ అని టిక్ పెట్టేశాడు. వాడిని అనేం లాభం, ఆ సంగతి వాడికెవరూ చెప్పలేదు. మన ఇళ్లలో షుగరు, బీపీల గురించి చెప్పుకున్నంతగా ఇలాంటివి చెప్పుకోం.

కారణం వేరైనా, చిన్న పనికిచ్చిన మత్తు పెద్ద ప్రమాదం తేవడం ఈనాటి సమస్యేం కాదు. 1848 జనవరిలో ఇంగ్లండ్‌లో న్యూకాజిల్ దగ్గర హన్నా గ్రీనర్ అనే పదిహేనేళ్ల అమ్మాయి కాలిగోరు తీయించుకోవడానికి క్లోరోఫామ్ తీసుకుని కొన్ని నిమిషాల్లోనే చనిపోయింది. కాలిగోరండీ! అంతకుముందు ఇంకో గోటికి ఈథర్ ఇస్తే ఏమీ కాలేదు. ఆ రోజుల్లో పక్కన యంత్రాలు లేవు, మందుల్లో ఎంచుకోవడానికీ పెద్దగా లేదు. ఇప్పుడు స్కోలిన్ పడనివాళ్లకు రోకురోనియం లాంటివి ఉన్నాయి, ముందే తెలిస్తే అసలు చిక్కే లేదు.

అన్నట్టు ఆపరేషన్‌కి ముందు గట్టి ఆహారం ఆరు గంటలు, నీళ్లు రెండు గంటలు ఆపమంటారు కదా, ఫిల్టర్ కాఫీ నీళ్ల కిందకి రాదు. అందులో పాలున్నాయి, అదీ ఆరు గంటల లెక్కే. నర్సుకు కనపడకుండా తాగించేవాళ్లను చూశాను, అందుకే చెబుతున్నా.

ఇక ఆ కుటుంబం అన్నదమ్ములూ అక్కచెల్లెళ్లూ అందరూ రక్తపరీక్ష చేయించుకున్నారు. కోలినెస్టరేజ్ స్థాయి చూడమంటే చూస్తారు, దానితోపాటు ఆ ఎంజైమ్ సరిగా పనిచేస్తోందో లేదో చూసే డిబుకైన్ నంబర్ అనే పరీక్ష కూడా ఉంది, అన్ని ల్యాబుల్లో దొరకదు గానీ పెద్ద ఆస్పత్రిలో అడగొచ్చు. మీ ఇంట్లో ఇలాంటిది జరిగి ఉంటే డిశ్చార్జ్ కాగితంలో ‘మత్తు పడలేదు’ అనో ‘ఎలర్జీ’ అనో రాసి ఊరుకోనివ్వకండి, ఇది ఎలర్జీ కాదు. ఏ మందు ఇచ్చారు, ఎన్ని గంటలు పట్టిందో స్పష్టంగా రాయించుకోండి. ఆ కాగితం ఫోటో తీసి ఇంట్లో అందరి ఫోన్లకూ పంపండి, ఆడపిల్లల అత్తవారింటికి కూడా.