3 మిల్లీమీటర్ల సముద్రపు నత్త కొత్త జాతేనా? వర్ణన రాసే పద్ధతి

నమస్కారం. ఇవాళ 5 మిల్లీమీటర్ల లోపు గుల్ల ఉండే సముద్రపు నత్తల గురించి మాట్లాడుకుందాం. విశాఖ, భీమిలి వైపు రాళ్ల మీది నాచును బకెట్టు నీళ్లలో బాగా జాడించి, ఆ నీళ్లను అర మిల్లీమీటరు జల్లెడలో వడకడితే ఇలాంటివి దొరుకుతాయి. వాటిలో ఒకటి మీకు తెలిసిన ఏ జాతికీ సరిపోలేదనుకోండి. అది కొత్తదని ఎలా నిరూపించాలో, వర్ణన ఎలా రాయాలో చూద్దాం.

ఒక్క గుల్ల దొరికితే మాత్రం ఆగండి. యూరప్ తీరాల్లో లిట్టోరినా సాక్సాటిలిస్ అనే నత్త ఉంది. అలల దెబ్బ తగిలే రాళ్ల మీద దాని గుల్ల చిన్నగా, పల్చగా, పెద్ద నోటితో ఉంటుంది. పీతలు తిరిగే చోట అదే జాతి గుల్ల పెద్దగా, మందంగా పెరుగుతుంది. ఈ తేడాలు చూసి దానికి నూటికి పైగా పేర్లు పెట్టారు. చివరికి అవన్నీ ఒకే జాతి అని తేలింది. అందుకే పదికి తగ్గకుండా ఎదిగిన నత్తలు, కొన్ని పిల్లలు, వీలైతే రెండు మూడు చోట్ల నుంచి తెచ్చుకోండి.

నత్త బతికుండగానే ఫొటో తీయండి. కళ్లు, స్పర్శకాలు, పాదం మీది రంగులు ఆల్కహాల్‌లో పోతాయి. ఆ తర్వాత మత్తు ఇవ్వాలి. లీటరు మంచినీటిలో 75 గ్రాముల మెగ్నీషియం క్లోరైడ్ హెక్సాహైడ్రేట్ కలిపి, దానికి సమానంగా సముద్రపు నీరు చేర్చండి. పాదం బయటికి వచ్చి, సూదితో తాకినా ముడుచుకోకపోతే మత్తెక్కినట్టే. అప్పుడు 95 శాతం ఆల్కహాల్‌లో వేయండి. మత్తు లేకుండా వేస్తే నత్త లోపలికి వెళ్లి మూత బిగించేస్తుంది. ఆల్కహాల్ లోపలికి చేరక మాంసం కుళ్లిపోతుంది. పైకి గుల్ల నిగనిగలాడుతూనే ఉంటుంది, డీఎన్ఏ తీయబోతే తప్ప సంగతి తెలియదు. ఫార్మాలిన్ అసలు వాడొద్దు. దాని ఆమ్లం గుల్లను తినేస్తుంది, డీఎన్ఏనూ పాడుచేస్తుంది.

ఇప్పుడు స్క్రీన్ మీద గుల్ల కొన చూడండి. అన్నిటికన్నా ఎక్కువ సమయం పెట్టాల్సింది ఇక్కడే. నత్త లార్వాగా ఉన్నప్పుడు కట్టుకున్న ఈ భాగాన్ని ప్రోటోకాంచ్ అంటారు. ఇదిగో, ఈ గీత దగ్గర నునుపు ఆగిపోయి నిలువుగా ఉబ్బెత్తు గీతలు మొదలయ్యాయి. లార్వా దశ ముగిసింది ఇక్కడే. గుల్లను నిటారుగా నిలబెట్టి, సరిగ్గా పైనుంచి ఫొటో తీసి చుట్లు లెక్కపెట్టండి. కుట్టు (చుట్లు కలిసే గాడి) మొదలయ్యే చోట ఒక సరళరేఖ గీసి, అక్కడి నుంచి పావు చుట్టు తేడాతో లెక్క రాయండి. మొదటి చుట్టు వ్యాసాన్ని మైక్రాన్లలో ఇవ్వండి. చుట్ల మధ్య కేంద్రం చిన్నదై మూడు, అంతకన్నా ఎక్కువ చుట్లుంటే, లార్వా నీళ్లలో తేలుతూ ప్లవకాలు తిని పెరిగినట్టు. కేంద్రం ఉబ్బి ఒకటిన్నర చుట్టే ఉంటే, గుడ్డులోని పచ్చసొనతోనే ఎదిగినట్టు. పైకి కవలల్లా ఉండే రెండు నత్తల్లో ఈ తేడా కనబడితే అవి వేర్వేరు జాతులనడానికి గట్టి ఆధారం. ఇసుకలో దొరికే ఖాళీ గుల్లల్లో ఈ కొన అరిగిపోయి ఉంటుంది, వాటిని నమ్ముకోకండి.

కొలతల ఫొటోలో గుల్ల నోరు మనవైపు, అక్షం నిలువుగా ఉండాలి. కాస్త వాలినా ఎత్తు తగ్గిపోతుంది. ఎత్తు, వెడల్పు, నోటి ఎత్తు విడివిడిగా ఇవ్వండి. సగటుతో సరిపెట్టకుండా కనిష్ఠం, గరిష్ఠం, ఎన్ని గుల్లలు కొలిచారో కూడా రాయండి.

రాడ్యులా అంటే నత్త నోట్లో పళ్ల వరుసలుండే నాలుకలాంటి పట్టీ. రాడ్యులాకూ డీఎన్ఏకూ వేర్వేరు నత్తలను బలిపెట్టక్కర్లేదు. మాంసాన్ని ప్రోటినేస్ కె (ప్రోటీన్లను కరిగించే ఎంజైము) కలిపిన బఫర్‌లో 56 డిగ్రీల దగ్గర రాత్రంతా ఉంచండి. మాంసం కరిగి ద్రావణంలో డీఎన్ఏ వస్తుంది, రాడ్యులా ట్యూబు అడుగున మిగులుతుంది. దాన్ని సన్నని సూదితో తీసి కడిగి ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌కు పంపండి. గుల్లను మాత్రం ఆ ట్యూబులో వేయకండి. బఫర్‌లో ఇడిటిఏ అనే రసాయనం ఉంటే అది కాల్షియాన్ని లాగేస్తుంది. జన్యు పోలికకు సీఓఐ అనే జన్యువులో సుమారు 658 బేస్‌ల భాగంతో మొదలుపెట్టండి.

పోలిక రాయడానికి ముందు, నత్తలు, ఆల్చిప్పల పేర్ల ఆన్‌లైన్ జాబితా అయిన మొలస్కాబేస్‌లో ఆ ప్రజాతి (దగ్గరి సంబంధమున్న జాతుల గుంపు) పేర్లన్నీ తీయండి, చెల్లనివని పక్కన పెట్టినవి కూడా. మన సముద్రాల చిన్న నత్తలకు కలకత్తా ఇండియన్ మ్యూజియంలో పనిచేసిన నెవిల్, అరేబియా సముద్రపు గుల్లలు వర్ణించిన మెల్విల్, చిల్కా గుల్లలు చూసిన ప్రెస్టన్ ఎప్పుడో పేర్లు పెట్టి ఉండవచ్చు. పాత బొమ్మల్లో కొన వివరం కనబడదు, అసలు టైప్ గుల్ల (పేరు పెట్టినప్పుడు ఆధారంగా తీసుకున్న నమూనా) ఫొటో అడిగి తెప్పించుకోండి. ఈ పని దాటేసినందువల్లే చాలా కొత్త పేర్లు తర్వాత చెల్లకుండా పోతాయి.

హోలోటైప్‌గా నోటి అంచు విరగని, కొన అరగని, పూర్తిగా ఎదిగిన ఒక్క గుల్లనే ఎంచండి. కొత్త పేరుకు ఆధారంగా నిలిచే నమూనా అదే. ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కోసం దానికి బంగారు పూత వేయించకండి, ఆ పని వర్ణనలో పేర్కొన్న మిగతా నమూనా, అంటే పారాటైప్‌తో చేయండి. జంతునామకరణ నియమావళి ప్రకారం 1999 తర్వాత పెట్టే పేరు చెల్లాలంటే అది కొత్తదని స్పష్టంగా చెప్పాలి. హోలోటైప్ ఏదో, ఏ సేకరణలో ఉంచారో రాయాలి. దగ్గరి జాతుల నుంచి వేరుచేసే లక్షణాలు మాటల్లో ఉండాలి, బొమ్మ ఒక్కటే చాలదు. పేరు విశేషణమైతే ప్రజాతి లింగాన్ని బట్టి మారుతుంది. రిస్సోయినా స్త్రీలింగం కాబట్టి గ్లాబ్రా, సీకం నపుంసకలింగం కాబట్టి గ్లాబ్రం. ఆన్‌లైన్‌లో మాత్రమే వచ్చే పత్రికైతే, ప్రచురణకు ముందే జంతువుల పేర్ల రిజిస్టరైన జూబ్యాంక్‌లో నమోదైనట్టు ఆధారం వ్యాసంలోనే కనబడాలి.

మన దేశంలో దొరికిన కొత్త జాతి అయితే 2002 జీవవైవిధ్య చట్టం 39వ సెక్షన్ ప్రకారం, ప్రభుత్వం గుర్తించిన సంస్థకు తెలియజేసి నమూనాలు అప్పగించాలి. జంతువులకు జువలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా ఉంది. గుల్లలను ఓక్ చెక్క పెట్టెల్లో పంపొద్దు. దాని నుంచి వచ్చే ఆమ్ల ఆవిరితో గుల్ల మీద తెల్లటి పొడి పేరుకుంటుంది, దాన్ని బైన్ వ్యాధి అంటారు. సంస్థ ఇచ్చిన నమోదు సంఖ్యనే డీఎన్ఏ సీక్వెన్సుల డేటాబేసైన జెన్‌బ్యాంక్ ఎంట్రీలో వోచర్ (ఆధార నమూనా) దగ్గర కూడా రాయండి. అప్పుడే మీ సీక్వెన్స్ ఏ గుల్లదో మరొకరు వెళ్లి చూసుకోగలరు.