లా పీహెచ్‌డీ: ముందు ప్రశ్న, తర్వాతే సీటు

శ్రోతలకు నమస్కారం. ఎల్ఎల్ఎం అయిపోయింది, ఇప్పుడేం చేద్దాం అని ఆలోచిస్తున్నవాళ్లు, ఏళ్ల తరబడి కోర్టుకెళ్తూ ఎప్పటికైనా పేరు ముందు డాక్టర్ అని పెట్టుకోవాలనుకుంటున్న లాయర్లు, ఇవాళ కాసేపు వినండి. న్యాయశాస్త్రంలో పీహెచ్‌డీ గురించి మాట్లాడుకుందాం.

రూల్స్ గబగబా చెప్పేస్తాను. 2022 యూజీసీ నిబంధనల ప్రకారం పీజీలో 55 శాతం మార్కులుండాలి. ఎస్సీ, ఎస్టీ, నాన్ క్రీమీలేయర్ ఓబీసీలకు, దివ్యాంగులకు 5 శాతం సడలింపు ఉంది. కనీసం 3 ఏళ్లు, గరిష్ఠంగా 6 ఏళ్లు, మళ్లీ రిజిస్టర్ చేయించుకుంటే ఇంకో 2 ఏళ్లు. మహిళలకైతే ఆపైన మరో 2 ఏళ్ల వెసులుబాటు. పార్ట్‌టైమ్‌గానూ చేయొచ్చు. 2024 నుంచి యూజీసీ నెట్ పరీక్ష స్కోరుతో కూడా పీహెచ్‌డీ ప్రవేశాలకు పోటీ పడొచ్చు, కాకపోతే అలా వాడుకునే స్కోరు ఏడాదే చెల్లుతుంది. జేఆర్ఎఫ్, అంటే జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37 వేలు. రూల్స్ అంతే, ఇక అసలు సంగతికి వద్దాం.

నన్ను అడిగేవాళ్లలో ఎక్కువమంది, నల్సార్ మంచిదా, ఉస్మానియా మంచిదా, విశాఖలో అయితే ఆంధ్రా యూనివర్సిటీయా, దామోదరం సంజీవయ్య లా యూనివర్సిటీయా అని అడుగుతారు. ఏ గైడ్ దగ్గర చేరాలి అంటారు. సరే, మీ ప్రశ్న ఏమిటి అని నేనడిగితే, 'గిరిజనుల హక్కులండీ' అంటారు. అది ప్రశ్న కాదు. అదొక లైబ్రరీ బీరువా. ఆరేళ్లు అందులో తల దూర్చినా బయటికి రాలేరు.

మరి ప్రశ్న అంటే ఎలా ఉంటుంది? నాకు చాలా ఇష్టమైన కేసు ఒకటి చెబుతాను. సమత కేసు. బొర్రా గుహలు చూసినవాళ్లు మీలో చాలామంది ఉంటారు. ఆ చుట్టుపక్కల, అనంతగిరి మండలం గిరిజన గ్రామాల్లో, గనుల తవ్వకాలకు ప్రభుత్వం ప్రైవేటు కంపెనీలకు లీజులిచ్చింది. ఏజెన్సీలో, అంటే గిరిజన ప్రాంతాల్లో, భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదని 1959 నాటి రెగ్యులేషన్ ఉంది, 1970లో దాన్ని ఇంకా గట్టిగా బిగించారు. అయినా ప్రభుత్వం వాదన ఏమిటంటే, ఇది సర్కారు భూమి, మా భూమిని మేం ఎవరికైనా లీజుకిచ్చుకుంటాం, ఆ నిషేధం మాకు కాదు అని. సమత అనే సంస్థ హైకోర్టుకెళ్లింది, అక్కడ ఓడిపోయింది. సుప్రీంకోర్టుకెళ్లింది. 1997 జులై 11న తీర్పు వచ్చింది. ముగ్గురు జడ్జీల్లో ఇద్దరు, ఆ నిషేధం ప్రభుత్వానికీ వర్తిస్తుంది, గిరిజనేతర కంపెనీలకు లీజులు చెల్లవు అన్నారు. మూడో జడ్జి ఒప్పుకోలేదు.

గమనించారా, అంత పెద్ద తీర్పు కూడా నిలబడింది ఒక చిన్న ప్రశ్న మీదే. తన భూమి విషయంలో ప్రభుత్వానికి ఈ నిషేధం వర్తిస్తుందా, వర్తించదా? అంతే. గిరిజనుల హక్కులు అని మొదలుపెట్టి ఉంటే ఆ వాదన ఎక్కడికీ వెళ్లేది కాదు.

ఇప్పుడు మీ సంగతి. ఏజెన్సీలో ఎల్టీఆర్ కేసులని ఉంటాయి, ఇందాక చెప్పిన 1959 భూ బదలాయింపు రెగ్యులేషన్ కింద నడిచేవి, వాటిని స్పెషల్ డిప్యూటీ కలెక్టర్ విచారిస్తారు. గిరిజనేతరుడి చేతిలో భూమి ఉంటే, అది గిరిజనుడి నుంచి వచ్చిందనే చట్టం మొదట అనుకుంటుంది, కాదని నిరూపించుకోవాల్సింది అతనే. చట్టం ఇంత గట్టిది కదా, మరి భూమి తిరిగివ్వమని ఆర్డర్ వచ్చాక ఏం జరిగింది? ఇదీ ప్రశ్న. ఒక్క మండలం, ఒక పదేళ్ల ఫైళ్లు చాలు. ఫైలు తెరిస్తే లోపల అడంగల్ నకళ్లు, నోటీసులు, వాంగ్మూలాలు, ఆర్డరు కాపీ ఉంటాయి. భూమిని గిరిజనుడికి స్వాధీనం చేశామని చెప్పే పంచనామా చివర్లో ఉందా, లేదా? మీ థీసిస్ అంతా ఆ ఒక్క కాగితం మీదే. ఆ సర్వే నంబరు పట్టుకుని ఊళ్లోకెళ్లి, ఈ ఏడాది అక్కడ పంట ఎవరు వేశారో చూసి రండి. కాగితంలో ఒకరు, పొలంలో ఇంకొకరు కనిపిస్తే మీకు ఒక అధ్యాయం దొరికినట్టే.

మన లా థీసిసుల్లో నాకు నచ్చనిది ఒకటుంది. టాపిక్ సైబర్ నేరాలైనా సరే, రెండో అధ్యాయం వేదకాలంలోనో మనుస్మృతిలోనో మొదలవుతుంది. ఎందుకండీ? పేజీలు నిండడానికి తప్ప దేనికి? నమ్మకపోతే శోధ్‌గంగలో చూడండి, దేశంలోని యూనివర్సిటీల థీసిసులు అందులో ఉచితంగా దొరుకుతాయి. ఎలాగూ చూడాల్సిందే, మీ ప్రశ్నను మీకంటే ముందు ఎవరైనా అడిగారేమో తెలియాలి కదా.

అందుకని నా మాటగా ఒక్కటే. అప్లికేషన్ పెట్టకముందే ఒక పేజీ రాయండి. ప్రశ్నచిహ్నంతో ముగిసే ఒక్క వాక్యం, దానికి జవాబిచ్చే కాగితాలు ఏ ఆఫీసులో ఉన్నాయి, వాటిని మీకు ఎవరు చూపిస్తారు. మూడోది రాయలేకపోతే ప్రశ్న మార్చుకోండి, ఎందుకంటే సీటొచ్చి, కోర్స్‌వర్క్ అయిపోయి, మూడో ఏడు వచ్చాక ఆ ఫైలు ఇవ్వం అని ఎవరైనా అంటే అప్పుడు పడే టెన్షన్ అంతా ఇంతా కాదు. అడిగితే చూపించకపోతే సమాచార హక్కు చట్టం ఉంది. 30 రోజుల్లో జవాబివ్వాలి, ఇవ్వకపోతే అప్పీలు చేసుకోవచ్చు. ఆ దరఖాస్తు ఇప్పుడే పెట్టి చూడండి, సీటొచ్చేదాకా ఆగక్కర్లేదు. అడిగేటప్పుడు మాత్రం 'ఎల్టీఆర్ కేసుల వివరాలన్నీ' అని రాయకండి, ఏ మండలం, ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం దాకా, ఏ రిజిస్టరు అనేది స్పష్టంగా రాయండి. నమస్కారం.